రాత్రి రెండున్నరకి మురుగు కాలవ దగ్గర బకెట్‌తో: మా ఊరి ప్లాంటు, నా అనుభవం

మా ఊళ్లో 86 ఇళ్లు, అటూ ఇటూగా 350 మంది. ఇంత చిన్న ఊరికి మురుగునీటి ప్లాంటేంటి అని మొదటి మీటింగులో నవ్వినవాళ్లలో నేనూ ఉన్నా, నవ్వినందుకో ఏమో కమిటీలో నన్నే వేశారు. అది జరిగి నాలుగేళ్లు దాటింది. కట్టడం గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, రిబ్బను కట్ చేసిన ఫోటోలు కూడా ఉంటాయి, మొదటి వానాకాలంలో ఏమైందో మాత్రం ఎవరూ చెప్పరు. నేను రాసేదంతా ఎక్కువగా ఆ వానాకాలం గురించే.

మొదలైంది బావి నీళ్లతో. అందరిళ్లలో సెప్టిక్ ట్యాంకులు ఉన్నాయనే అనుకునేవాళ్లం, తీరా తవ్వి చూస్తే సగం వాటికి అడుగే లేదు, చుట్టూ రింగులు దింపి కింద మట్టి అలాగే వదిలేశారు. మాది బంకమట్టి, పైగా వానలు పడ్డాక నాలుగడుగులు తవ్వితే నీరు తగులుతుంది, ఇక ఇంకుడు గుంత ఇంకేదెక్కడ. అయితే పొంగి వీధిలోకి వస్తుంది, లేదంటే నేరుగా భూగర్భ నీళ్లలో కలుస్తుంది. ఊరి మధ్య బావి నీళ్లు టెస్టుకి పంపితే నైట్రేటు లీటరుకి 90 మిల్లీగ్రాముల పైనే వచ్చింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 50. ఎరువుల వల్ల అయ్యుంటుందిలే అని కొందరన్నారు, కానీ పొలాల మధ్య ఉన్న బావిలో తక్కువొచ్చి ఇళ్ల మధ్య ఉన్న బావిలో ఎక్కువొస్తే ఇంకా ఎరువు అనడానికేముంది. ఈ నీళ్లతో డబ్బా పాలు కలిపి పడితే చంటిపిల్లలకి రక్తం ఆక్సిజన్ సరిగ్గా మోయలేక ఒళ్లు నీలంగా అవుతుందని ఇంజనీర్ మేడమ్ చెప్పాక మీటింగులో ఇంకెవరూ నవ్వలేదు.

ఏ రకం ప్లాంటు అన్న దాని మీద రెండు నెలలు కొట్టుకున్నాం. మాలో కొంతమందికి పట్నంలో చూసిన మెషిన్ లాంటిది కావాలి, గాలి కొట్టే బ్లోయర్లు, నురగలు, మీటర్లు. అది 1914లో మాంచెస్టర్లో ఆర్డెర్న్, లాకెట్ అని ఇద్దరు బయటపెట్టిన పద్ధతి, మురుగులోకి గాలి కొట్టి బురదలో ఉన్న బ్యాక్టీరియాతోనే శుభ్రం చేయించడం. వందేళ్లు దాటినా పెద్ద ఊళ్లు చాలావరకు దాని మీదే నడుస్తున్నాయి కాబట్టి పద్ధతిని అనడానికేం లేదు. కానీ దానికి రోజంతా కరెంటు కావాలి, చూసుకునే మనిషి కావాలి. మేడమ్ ఒకటే అడిగారు, "ఆదివారం రాత్రి మోటారు కాలిపోతే బాగుచేసేదెవరు, పేరు చెప్పండి" అని. ఎవరి పేరూ రాలేదు. దాంతో మోటారు లేని దానికి ఒప్పుకున్నాం.

మాది ఎలా పనిచేస్తుందో పొట్టిగా చెప్తా. ఇళ్ల నుంచి పైపుల్లో వచ్చిన నీరు ముందు జల్లెడ కుండీలో పడుతుంది, గుడ్డలు, ప్లాస్టిక్కు అక్కడ ఆగుతాయి. తర్వాత మూసిన పెద్ద తొట్టి, అందులో బరువున్నది అడుక్కి దిగుతుంది, జిడ్డు పైకి తెట్టులా తేలుతుంది. ఆ తర్వాత అడ్డుగోడలున్న గదులు వరసగా నాలుగు, ప్రతి గదిలో నీరు అడుగు నుంచి పైకి రావాలి, అలా వచ్చేటప్పుడు అడుగున ఉన్న బురదని ఒరుసుకుంటూ వస్తుంది, గాలి అక్కర్లేని బ్యాక్టీరియా అక్కడ సగానికి పైగా పని చేసేస్తుంది. అక్కణ్ణించి కంకర మడి, 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల లోతున కంకర, అందులో జమ్ము, మెట్టతామర నాటాం. నీరు కంకర లోపల్లోపలే పారాలి, పైకి కనపడకూడదు. చివర్లో మీటరు లోతు చెరువులాంటిది, ఎండ తగిలి రోగాలు తెచ్చే క్రిములు కొంత చావడానికి.

మొక్కలు మురికి తాగేస్తాయి అని ఊళ్లో అందరూ అనుకుంటారు, నేనూ అలాగే చెప్పుకు తిరిగా కొన్నాళ్లు. నిజానికి పని ఎక్కువ చేసేది రాళ్లకి పట్టిన జిగట పొర, అంటే బ్యాక్టీరియా. వేర్లు దానికి ఇల్లు కట్టిస్తాయి, కాస్త గాలి దింపుతాయి. 1950ల్లోనే జర్మనీలో కేటే సైడెల్ అనే ఆవిడ ఇలాంటి నీటిమొక్కలతో మురుగు మీద ప్రయోగాలు చేసింది. అప్పట్లో మొక్కలతో మురుగేంటి అని ఆవిణ్ణి కూడా చాలామంది నమ్మలేదట, మా మీటింగులాగే.

లెక్క ఇది, మనిషికి రోజుకి 80 లీటర్ల వాడకం అనుకుంటే అందులో ఎనభై శాతం మురుగుగా వస్తుంది, 350 మందికి దగ్గర దగ్గర 22 వేల లీటర్లు. మడిలో కంకర సందుల్లో పట్టే నీరు 90 వేల లీటర్ల పైచిలుకు. అంటే లోపలికెళ్లిన చుక్క బయటికి రావడానికి నాలుగు రోజులు. ఈ నాలుగు రోజులు అన్నది గుర్తుపెట్టుకోండి, మొత్తం కథ దీని మీదే తిరుగుతుంది.

కట్టడం ఎనిమిది నెలలు. అది వదిలేస్తా, అందరికీ తెలిసిన గొడవలే, ఒకరి గోడ కింద పైపు పోనివ్వరు, ఇంకొకరి గేటు ముందు మాన్‌హోల్ వద్దు, మేస్త్రీ వాటం సరిగ్గా పెట్టలేదని రెండు వీధుల్లో పైపు మళ్లీ పీకించాం. (వాటం దగ్గర మాత్రం మొహమాటం పడొద్దు, వంద అడుగులకి ఒక అడుగు పల్లం అన్నచోట అంత ఉండాల్సిందే, కంటితో చూసి "సరిపోద్దిలే" అంటే ఆ సరిపోద్దిలే అన్నచోటే జీవితాంతం పూడిక తీస్తారు.)

మొదటి ఐదు నెలలు పండగే. ఎండాకాలం. మొక్కలు నడుం దాకా లేచాయి, వాసన లేదు, చివర్లో వచ్చే నీళ్లు గాజుసీసాలో పట్టి వెనకాల పేపరు పెడితే అక్షరాలు చదువుకోవచ్చు. వచ్చినవాళ్లకల్లా ఆ సీసా చూపించేవాణ్ణి. లోపలికొచ్చే నీటికి బీఓడీ అంటే అందులోని మురికిని తినడానికి బ్యాక్టీరియాకి అయిదు రోజుల్లో ఎంత ఆక్సిజన్ పడుతుందన్న లెక్క లీటరుకి 260 మిల్లీగ్రాములు ఉంటే బయటికొచ్చేదానికి 28 వచ్చింది. అయిదు రోజులే ఎందుకు అని అడిగా, ఇంగ్లండులో నదుల్లో నీరు సముద్రం చేరడానికి అంతకన్నా ఎక్కువ పట్టదని వందేళ్ల కింద లెక్క కట్టి పెట్టుకున్నారని చెప్తారు, ఇప్పుడు ప్రపంచమంతా అదే వాడుతోంది.

తర్వాత వానలు మొదలయ్యాయి.

మూడో వారానికి ప్లాంటు చూసుకునే బాబాయ్ పొద్దున్నే ఫోన్ చేశాడు, "మడి మీద నీళ్లు నిలబడ్డాయిరా, వాసనొస్తంది" అని. వెళ్లి చూస్తే లోపలికి నీరొచ్చే వైపు రెండు మూడు మీటర్ల మేర కంకర మీద నల్లటి నీళ్లు, దోమలు, కుళ్లిన గుడ్ల వాసన. చివర్లో సీసా పడితే వెనకాల అక్షరాలు కాదు కదా పేపరు కూడా కనపడలేదు. వారం తిరిగేసరికి ఊళ్లో ఎవరి తీర్పు వాళ్లు ఇచ్చేశారు. మొక్కలు తప్పు రకం అని ఒకరు, కంకర సన్నది పోశారని ఒకరు, మోటారు పెట్టుంటే ఇది జరిగేదా అని పాత పార్టీ మళ్లీ లేచింది. నేనేమో ఇంకో రెండు గదులు కట్టిద్దాం అని ఏకంగా కాగితం మీద గీసుకుని మేడమ్‌కి ఫోన్ చేశా.

ఆవిడ అంతా విని, "రోజుకి నీళ్లెన్ని వస్తున్నాయి" అన్నారు.

"22 వేల లీటర్లు మేడమ్, మీ రిపోర్టులోనే ఉందిగా."

"అది నేను వేసిన అంచనా. మీరు కొలిచింది చెప్పండి."

మేం ఎప్పుడూ కొలవలేదు. ఐదు నెలలు సీసా పట్టుకుని తిరిగాను గానీ ఎన్ని నీళ్లు వస్తున్నాయో ఒక్కరోజు కూడా చూడలేదు.

కొలవడానికి మీటరేం అక్కర్లేదు. మా జల్లెడ కుండీలోకి పైపు రెండడుగుల ఎత్తు నుంచి పడుతుంది, దాని కింద 15 లీటర్ల బకెట్ పెట్టి ఎన్ని సెకండ్లలో నిండిందో ఫోన్లో చూసుకోవడమే. రోజుకి 22 వేల లీటర్లంటే సగటున బకెట్ నిండటానికి నిమిషం పట్టాలి, పొద్దున అందరూ స్నానాలు చేసేటప్పుడు ఇరవై సెకండ్లు, అర్ధరాత్రి దాటాక అసలు సన్నటి ధారే ఉండాలి. అందుకే కొలిస్తే రాత్రి రెండున్నర నుంచి మూడున్నర మధ్య కొలవండి అన్నారు మేడమ్. ఊరంతా పడుకున్నప్పుడు వచ్చే నీరు ఇళ్లలో వాడింది కాదు కదా.

వాన ఆగి రెండు రోజులైన రాత్రి బాబాయ్, నేను, ఇంకో కుర్రాడు వెళ్లాం. చేతులకి పొడుగు గ్లవ్స్, తలకి లైట్లు. బకెట్ పెట్టా. 40 సెకండ్లు. మళ్లీ పెట్టా, 41. మూడోసారి 40. ఊళ్లో కుక్క కూడా లేచి లేదు, బకెట్ మాత్రం నిమిషం లోపే నిండిపోతోంది. లెక్క వేస్తే ఎవరూ వాడని నీరే రోజుకి 32 వేల లీటర్లు, దీనికి ఇళ్ల నీరు 22 వేలు కలిపితే 54 వేలు, నాలుగు రోజులు ఆగాల్సిన నీరు మడిలో రెండు రోజులు కూడా ఆగట్లేదన్నమాట. ఇది వాన లేని రాత్రి. వాన పడుతున్నప్పుడు ఇంకో రోజు కొలిస్తే బకెట్ ఐదు సెకండ్లలో నిండింది, నేను స్టాప్‌వాచ్ నొక్కడం ఆలస్యమైందేమో అని మళ్లీ పెట్టా, అంతే. ఆ ఉరవడికి గదుల్లో అడుగున ఉండాల్సిన బురద లేచి కంకరలోకి కొట్టుకొచ్చింది, కంకర సందులు పూడుకున్నాయి, నీరు పైకి లేచింది. మొక్కల తప్పు లేదు, కంకర తప్పు లేదు. నేను గీసుకున్న రెండు గదులు కట్టుంటే వాటిలో బురద కూడా కొట్టుకొచ్చేది.

బకెట్లో నీళ్లని టార్చి వేసి చూస్తే ఇంకో సంగతి, అవి మురుగులా లేవు. దాదాపు తేటగా ఉన్నాయి, గ్లవ్ మీంచి కూడా చల్లగా తెలుస్తున్నాయి. వాడిన నీరు కాస్త వెచ్చగా ఉంటుంది, ఇది నేల నీరు.

ఇక ఎక్కణ్ణించి వస్తోందో పట్టుకోవడం. మూడు రాత్రులు మాన్‌హోళ్ల మూతలు తీసుకుంటూ ఎగువకి వెళ్లాం. రెండు పైపులు కలిసేచోట మూత తీసి పైనుంచి లైటు వేస్తే ఒకటి పొడిగా ఉంటుంది, ఒకటి పారుతుంటుంది, పారేదాని వెంట పోవడమే. ఏడో మాన్‌హోల్ దగ్గర రింగుల మధ్య నుంచి నీరు చిమ్ముతున్న చప్పుడు వినిపించింది, లైటు వేస్తే ఒక మూల జాయింటు కనపడటం లేదు. కుర్రాడు "అన్నా నాలుగడుగులే కదా, దిగి చూసొస్తా" అని కాలు పెట్టబోయాడు. బాబాయ్ ఎప్పుడూ గొంతెత్తని మనిషి, భుజం పట్టి వెనక్కి లాగి కూర్చోబెట్టి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. కుళ్లిన గుడ్ల వాసనొచ్చే ఆ గ్యాసు, హైడ్రోజన్ సల్ఫైడు, గాలి కన్నా బరువు, అడుగున కూర్చుంటుంది. పది లక్షల వంతుల్లో వంద వంతులుంటే చాలు ముక్కు మొద్దుబారి వాసన కూడా తెలీదు, వాసన పోయింది కదా అని దిగినవాడు, వాణ్ణి తీయడానికి దిగినవాడు, ఇద్దరూ పోతారు. లోతు ఎంతన్నది లెక్క కాదు. మాకు అప్పటికీ ఇప్పటికీ ఒకటే రూలు, ఏ కారణానికీ ఎవరూ లోపలికి దిగకూడదు. కర్రకి అద్దం కట్టి చూశాం, సరిపోయింది.

పల్లపు వీధిలో ఆరు మాన్‌హోళ్లకి రింగుల జాయింట్లు బయటవైపు పూతే పెట్టలేదు. నేలలో నీటిమట్టం పైపు కన్నా పైకి లేచినప్పుడల్లా మా డ్రైనేజీ లైను ఊరికి కింద నుంచి నీళ్లు తోడే కాలవలా పనిచేస్తోంది. ఆ మాన్‌హోళ్లు కట్టినప్పుడు నేల పొడిగా ఉంది కాబట్టి ఎవరికీ కారినట్టు కనపడలేదు.

వాన పడుతున్నప్పుడు వచ్చే ఉరవడి సంగతి వేరే. అది డాబాల మీద నీరు. దీనికి రంగు పరీక్ష చేశాం, డాబా మీద వాన గొట్టంలో రంగు కలిపిన బకెట్ నీళ్లు పోయడం, వీధిలో మాన్‌హోల్ దగ్గర ఒకడు చూడటం, రంగు వచ్చిందా ఆ ఇంటి వాన గొట్టం డ్రైనేజీలో కలిపినట్టే. 86 ఇళ్లలో 11 దొరికాయి. పదకొండేగా అనిపిస్తుంది. వంద చదరపు మీటర్ల డాబా మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే 2 వేల లీటర్లు, పదకొండు డాబాలకి 22 వేలు. ఊరంతా రోజంతా వాడిన నీరంత, ఒక్క వానకి, గంటలో.

ఆ పదకొండులో మాది ఒకటి. రంగు పరీక్షకి ముందే నాకు తెలుసు. వాకిట్లో నీళ్లు నిలుస్తున్నాయని అంతకు ముందేడు ప్లంబరు వచ్చినప్పుడు "చాంబర్లో కలిపేయ్, ఎవరు చూస్తారు" అన్నది నేనే. లిస్టు చదివేటప్పుడు మా ఇంటి నంబరు మొదట చదివాను, దానివల్ల మిగతా పదిమందితో మాట్లాడటం కాస్త తేలికైంది, అయినా ఇద్దరు మాత్రం మూడు నెలలు నాతో మాట్లాడలేదు. గొట్టాలన్నీ తీసి వీధి పక్క వాన కాలవలోకి తిప్పాం. మాన్‌హోళ్ల పని ఎండలు వచ్చేదాకా ఆగి చుట్టూ తవ్వి బయటనుంచి పూత పెట్టాం, నీరు చిమ్ముతుండగా సిమెంటు పెడితే నిలబడదు.

అన్నిటికంటే ఒళ్లు హూనమైంది కంకర కడగడం. నీరొచ్చే వైపు రెండున్నర మీటర్ల మేర కంకర మొత్తం పైకి తీయాలి. పారతో తీస్తుంటే ఒక్కో రాయికి నల్లటి గుజ్జు, వేళ్లతో రుద్దితే తారులా అంటుకుంటుంది, వాసన బట్టలకి వారం వదల్లేదు. విచిత్రం ఏంటంటే ఎండలో పరిచిన రెండో రోజుకే ఆ నలుపు గోధుమ రంగుకి తిరిగిపోయింది. గాలి తగలని చోట ఇనుము, గంధకం కలిసి ఆ నలుపు వస్తుందట, గాలి తగిలితే తుప్పు రంగుకి మారిపోతుంది. ఎండాక జల్లెడ మీద వేసి కడిగి, తిరిగి పోసేటప్పుడు మొదటి అర మీటరులో పాత కంకర వేయకుండా గుప్పిటంత రాళ్లు వేశాం, వచ్చే నీరు వెడల్పంతా పరుచుకోవడానికి. మొదటిసారే అలా వేయాల్సింది, డ్రాయింగులో ఉంది కూడా, లారీలో వచ్చిందే పోసేశారు, అప్పుడు పక్కన నిలబడింది మేమే.

రెండో వానాకాలం మధ్యలో మళ్లీ రాత్రి రెండున్నరకి వెళ్లాం. బకెట్ నాలుగు నిమిషాలకి నిండింది. బాబాయ్‌కి అదీ నచ్చలేదు. ఇంకా ఐదు వేల లీటర్లు ఎక్కడివి అని. ఈసారి నేల నీరు కాదు, ఎండాకాలంలో కొలిచినా అంతే ఉంది. ఇంటింటికీ తిరిగితే తేలింది, మరుగుదొడ్ల ఫ్లష్ ట్యాంకులు, లోపల వాషరు అరిగి చప్పుడు లేకుండా సన్నగా కారుతుంటాయి, ఇంట్లోవాళ్లకి తెలీదు. ట్యాంకులో కాస్త రంగు వేసి నొక్కకుండా పావుగంట ఆగితే కింద గిన్నెలో రంగు కనపడుతుంది. పందొమ్మిది ఇళ్లలో వాషర్లు మార్చాం.

ఇప్పుడు బాబాయ్ దగ్గర ఒక నోటుబుక్ ఉంది, నెలకి రెండుసార్లు రాత్రి లెక్క, వారానికోసారి జల్లెడలో ఏం తగులుకుందో, మూడు నెలలకోసారి తొట్టిలో కర్ర ముంచి అడుగున మడ్డి ఎంత మందం ఉందో. తొట్టి లోతులో మూడో వంతుకి చేరితే తోడించాలి, ఈ ఏడాది చేరేలా ఉంది. తోడిన మడ్డి ఎండబెట్టడానికి ఇసుక మడి ఇంకా కట్టలేదు, దాని మీద ఇంకో రెండు మీటింగులు ఉన్నాయి. చివర చెరువు నీళ్లు చెట్లకే పెడుతున్నాం, ఆకుకూరలకి అడిగినవాళ్లకి ఇవ్వలేదు. సీసాలో తేటగా ఉన్నంత మాత్రాన క్రిములు పోయినట్టు కాదు, పచ్చిగా తినే వాటికి ఆ నీరు తగలకూడదు, ఈ విషయంలో ఎంతమందికి కోపమొచ్చినా సరే.

మొన్న రాత్రి లెక్కకి నేను వెళ్లలేదు, కుర్రాడే వెళ్లి నోటుబుక్‌లో రాశాడు: "2.40, పది నిమిషాలు చూశాను, బకెట్ నిండలేదు, వచ్చేశాను." దాని కింద బాబాయ్ రాత, "మళ్లీసారి నిండేదాకా ఉండు."